పాత కారు డ్యాష్‌బోర్డ్ అసలు రంగు ఎక్కడ దొరుకుతుంది

చెన్నైలో ఇంటి వెనక షెడ్డులో ఏళ్ల తరబడి నిలిచిపోయిన హెరాల్డో, ఫియటో, అంబాసిడరో బయటికి లాగి మళ్లీ రోడ్డెక్కిద్దాం అనుకునే తెలుగువాళ్లు తక్కువేం లేరు, టీనగర్, కోడంబాకం, సాలిగ్రామం వైపైతే మన సినిమా మద్రాసులో ఉన్న కాలంలో కొన్న బళ్లు ఇప్పటికీ కొన్ని ఇళ్లల్లో ఉన్నాయి. అలాంటి బండి బాగుచేయించేటప్పుడు ముందు ఇంజిన్, తర్వాత టింకరింగ్, ఆ తర్వాత బయట పెయింట్, ఇవన్నీ అయ్యేసరికే డబ్బూ ఓపికా రెండూ అడుగంటిపోతాయి. లోపలి రంగు దగ్గరికి వచ్చేసరికి పెయింటర్ షేడ్ కార్డ్ తీసి, "సార్, ఈ క్రీమ్ దగ్గరగానే ఉంది, కొట్టేద్దాం" అంటాడు, ఓనర్ సరే అంటాడు, అంతే. నిజానికి బండిలో ఎక్కువ సేపు కళ్ల ముందు ఉండేది లోపలి రంగే, బయటి రంగు రోడ్డు మీద వాళ్లకి కనిపిస్తుంది కానీ నడిపేవాడికి కనిపించదు కదా.

పాత బళ్లలో లోపల కూడా పెయింట్ వేసిన రేకు చాలా ఉంటుంది, ఇప్పటి కార్లలాగా అంతా ప్లాస్టిక్ కాదు. డ్యాష్‌బోర్డ్, గ్లవ్ బాక్స్ మూత, డోర్ పైభాగం, కిటికీ ఫ్రేమ్ లోపలి వైపు, పిల్లర్లు, స్టీరింగ్ కాలమ్, కొన్నిట్లో సీటు ఫ్రేమ్ కూడా. బయట మొత్తం కొత్తగా కొట్టించినప్పుడు రంగు కొంచెం తేడా ఉన్నా పట్టుకోవడం కష్టం, ఎందుకంటే పక్కన పోల్చుకోవడానికి పాతది ఏమీ మిగలదు. లోపల అలా కాదు, కొత్త పెయింట్‌ని ఆనుకునే పాత రెక్సిన్ ఉంటుంది, పసుపెక్కిన స్టీరింగ్ ఉంటుంది, పాత స్విచ్‌లు, మీటర్ చుట్టూ రింగు ఉంటాయి, వాటి పక్కన అర షేడ్ తేడా వచ్చినా మొదటిసారి బండి ఎక్కినవాడికి కూడా ఏదో తేడా కొడుతోందని తెలిసిపోతుంది.

మరి అసలు రంగు ఏదో ఎలా తెలుస్తుంది? చాలామంది ముందు వెతికేది కోడ్. ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కి ఎల్ అక్షరంతో మొదలయ్యే పెయింట్ నంబర్లు ఉంటాయి, పాత మెర్సిడెస్‌కి ముందు బానెట్ కింద ప్లేట్ మీద కోడ్ ఉంటుంది, షెవర్లే ఇంపాలా లాంటి అమెరికన్ బళ్లకి ఇంజిన్ వెనక రేకు మీద కొట్టిన చిన్న ప్లేట్‌లో బాడీ పెయింట్ నంబరు, లోపలి ట్రిమ్ (సీట్లు, లైనింగ్) నంబరు విడివిడిగా ఉంటాయి. చాలా బ్రిటిష్ బళ్లకి ఇంగ్లండ్‌లో గేడన్ దగ్గరున్న బ్రిటిష్ మోటార్ మ్యూజియం వాళ్లు పాత ఫ్యాక్టరీ రికార్డులు చూసి సర్టిఫికెట్ ఇస్తారు, దొరికితే అందులో బాడీ రంగు, ట్రిమ్ రంగు ఉంటాయి. ఇవన్నీ పనికొచ్చేవే, ఉంటే తప్పకుండా తీసుకోవాలి.

కానీ ఇక్కడ తయారైన బళ్ల సంగతి వేరు. చెన్నైలోనే చూస్తే ఎన్నూరులో అశోక్ మోటార్స్ 1949లో ఆస్టిన్ ఏ40 బిగించడం మొదలుపెట్టింది, అదే తర్వాత 1955లో అశోక్ లేలాండ్ అయింది. వండలూరు దగ్గర స్టాండర్డ్ ఫ్యాక్టరీలో 1961 నుంచి హెరాల్డ్‌లు, 1972 నుంచి గెజెల్‌లు వచ్చాయి. ఆ రోజుల్లో దిగుమతుల మీద ఉన్న ఆంక్షలకి ఏటేటా ఇక్కడి సరుకు వాటా పెంచుకుంటూ పోవాల్సిందే, పెయింటూ రెక్సినూ ఆ ఇక్కడి సరుకులో భాగమే. అందుకని ఇంగ్లండ్ కలర్ చార్ట్‌లో హెరాల్డ్‌కి ఏ రంగు రాసి ఉంటే వండలూరు హెరాల్డ్‌కి కూడా అదే అనుకోవడం పెద్ద పొరపాటు, పేరు ఒకటే అయినా డబ్బాలో ఉన్నది వేరే అయ్యుండొచ్చు. బొంబాయి కుర్లా ఫియట్‌కి ఇటలీ చార్టూ, ఉత్తరపాడ అంబాసిడర్‌కి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ చార్టూ పట్టుకుని కూర్చున్నా ఇదే గతి.

బ్రోషర్లు, ఇంట్లో పాత ఫొటోలు ఉంటే అవి ఒక పనికి బాగా వస్తాయి, ఏ రంగు పక్కన ఏ రంగు ఉండేదో, డ్యాష్‌బోర్డ్ బాడీ రంగులోనే ఉండేదా వేరే రంగా, పైభాగం ముదురు కింద లేతా, ఇలాంటివి చెప్తాయి. బ్లాక్ అండ్ వైట్ ఫొటో అయినా డ్యాష్ బాడీ కంటే లేతగా ఉందా ముదురుగా ఉందా అన్నది కొంతవరకు తేల్చేస్తుంది. అంతకు మించి వాటిని నమ్మకూడదు. డెబ్భైల కలర్ ప్రింట్లు ఆల్బమ్‌లో ఉండి ఉండి ఎర్రబారిపోతాయి, వాటిలోని నీలి డై ముందు పోతుంది కాబట్టి, ఇక ప్రెస్‌లో అచ్చేసిన బ్రోషర్ రంగు మొదటి రోజు నుంచే అసలు రంగు కాదు.

కాబట్టి సాక్ష్యం బండిలోనే వెతకాలి, అదీ ఎండా చేతులూ తగలని చోట. డోర్ ప్యాడ్ విప్పితే దాని అంచు కింద దాగున్న రేకు, డోర్ బీడింగ్ కింద సన్నని గీత, ఆష్‌ట్రే లాగేస్తే దాని గూడు అంచు, మీటర్ బయటికి తీస్తే రింగు కింద ఉండిపోయిన గుండ్రటి పట్టీ, లోపలి అద్దం బిగించిన బ్రాకెట్ కింద, గ్లవ్ బాక్స్ మూత లోపలి వైపు, వైర్లు దూరే కంతల చుట్టూ ఉండే రబ్బర్ గ్రోమెట్ల కింద. ఒక్క చోట చూసి నిర్ణయం తీసుకోకూడదు, మూడు నాలుగు చోట్ల చూసి అన్నీ ఒకే మాట చెప్తున్నాయా అని సరిచూసుకోవాలి, ఎందుకంటే గ్లవ్ బాక్స్ మూత పాత కారు సామాను అమ్మే పుదుపేటలో ఇంకో బండి నుంచి తెచ్చి పెట్టింది అయ్యుండొచ్చు, డోర్ ఎప్పుడో మార్చింది అయ్యుండొచ్చు.

దొరికిన చోటు కూడా వెంటనే రంగు కొలిచే మెషిన్ కింద పెట్టడానికి పనికిరాదు. ముందు మెత్తటి సబ్బు నీళ్లతో తుడవాలి, సిగరెట్ పొగ, చేతి నూనె, పాత పాలిష్ మైనం అన్నీ కలిసి పైన పసుపు పొర కట్టి ఉంటాయి, అది పోయాక సన్నటి రబ్బింగ్ కాంపౌండ్‌తో చాలా తేలిగ్గా రుద్ది పైన పొడిబారిన పొర తీసేస్తే అప్పుడు పెయింట్ అసలు ముఖం కనిపిస్తుంది. ఇంకో చోట, అక్కరకు రాని మూలలో, సన్నటి వాటర్ పేపర్‌తో తడిగా గుండ్రంగా రుద్దుకుంటూ పోతే పొరలు ఒకదాని లోపల ఒకటి వలయాల్లా బయటపడతాయి, పైన ఎనభైల్లో ఎవరో కొట్టించిన రంగు, దాని కింద ఇంకోటి, దాని కింద ఫ్యాక్టరీ రంగు, ఆ కింద ప్రైమర్, చివరికి రేకు. ప్రైమర్‌ని నేరుగా ఆనుకుని ఉన్న రంగే మనకి కావాల్సింది, అయితే రెండు రంగుల మధ్యలో ప్రైమరో పుట్టీయో కనిపిస్తే అక్కడ మధ్యలో ఎప్పుడో రిపేర్ జరిగిందని అర్థం, ఆ చోటు వదిలేసి వేరే చోట చూడాలి. పొడిగా మాత్రం రుద్దొద్దు. పాత పసుపు, క్రీమ్, ఆకుపచ్చ, ఎరుపు పెయింట్లలో సీసం కలిసిన రంగుపొడులు మామూలుగా వాడేవాళ్లు, ఇంటి పెయింట్లకి సీసం 90 పీపీఎం (పది లక్షల భాగాల్లో 90) దాటకూడదన్న రూల్ మన దేశంలో వచ్చిందే 2016లో, కాబట్టి పాత కారు పెయింట్ దుమ్ములో సీసం ఉందనుకునే పని చేయాలి, పిల్లలు తిరిగే ఇంటి వరండాలో అసలు చేయకూడదు.

ఇక్కడ చాలామందికి తెలియని మెలిక ఒకటుంది. దాచి ఉన్న చోట పెయింట్ మారకుండా ఉంటుందని అనుకుంటాం, కానీ నూనె ఆధారంగా చేసిన ఎనామెల్ అయితే చీకట్లో ఉండటం వల్లే పసుపెక్కుతుంది, వెలుతురు తగిలిన చోట ఆ పసుపు తగ్గుతుంది. అంటే డోర్ ప్యాడ్ వెనక దొరికిన క్రీమ్ రంగు ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటికంటే ముదురు పసుపులో ఉండొచ్చు. దీనికి మందు తేలికే, ఆ ముక్కని విప్పగలిగితే కొన్ని వారాలు కిటికీ దగ్గర మంచి వెలుతురులో పెట్టి, పసుపు ఎంత దిగుతుందో చూసి, అది ఇక మారడం ఆగాక కొలవాలి. నైట్రోసెల్యులోజ్ ల్యాకర్, అంటే మన షెడ్లలో ఎన్‌సీ, డ్యూకో అని పిలిచేది, దాని తీరు తిరగబడి ఉంటుంది, అది ఎండకీ వేడికీ పసుపెక్కుతుంది, కాబట్టి అక్కడ చీకటి మూలలో ఉన్నదే నమ్మదగ్గది. ఏ పెయింటో తేల్చుకోవడానికి దూదికి ఎన్‌సీ థిన్నర్ అద్ది దాచిన చోట మెల్లగా రుద్దితే చాలు, ఎన్‌సీ అయితే వెంటనే కరిగి రంగు దూదికి అంటుకుంటుంది, ఓవెన్‌లో కాల్చిన ఎనామెల్ అంత తేలిగ్గా లొంగదు. ఈ చిన్న పరీక్ష చేయకుండా కొలత దగ్గరికి వెళ్లడం అనవసరం.

ఇప్పుడు మెషిన్ సంగతి. చెన్నైలో పెద్ద రిఫినిష్ పెయింట్ మిక్సింగ్ షాపుల్లో స్పెక్ట్రోఫోటోమీటర్ ఉంటుంది, చేతిలో పట్టుకునే పరికరం, దాన్ని పెయింట్ మీద ఆనించి నొక్కితే ఏ రంగు వెలుతురు ఎంత తిరిగొస్తోందో కొలిచి, తన లిస్టులో దానికి దగ్గరగా ఉన్న ఫార్ములా చూపిస్తుంది. తేడాని డెల్టా ఈ అనే అంకెతో చెప్తుంది, సుమారుగా 1 కంటే తక్కువ ఉంటే మామూలు కంటికి పట్టదు అంటారు. ఇది చాలా మంచి సాధనం, కానీ ఆ లిస్టులో ఉన్నవి ఎక్కువగా ఇప్పటి కార్ల రంగులు, కాబట్టి అది ఇచ్చేది మొదటి మెట్టు మాత్రమే, అక్కడి నుంచి చేత్తో టింట్ చేసే మనిషి కావాలి. పైగా దానికి చదునైన, శుభ్రమైన, కనీసం రూపాయి బిళ్లంత చోటు కావాలి, వంపు తిరిగిన డ్యాష్ అంచు మీద పెడితే బయటి వెలుతురు దూరి తప్పుడు లెక్క ఇస్తుంది.

అంకె బాగానే వచ్చినా బండిలో తేడా కొట్టడానికి ఇంకో కారణం ఉంది. ఉస్మాన్ రోడ్డులో చీర కొనేటప్పుడు దాన్ని షాపు గుమ్మం దాకా తెచ్చి పగటి వెలుతురులో చూడని ఆడవాళ్లు ఉండరు, లోపల ట్యూబ్‌లైట్ కింద జాకెట్ గుడ్డతో సరిగ్గా కలిసిన రంగు బయట కలవదని వాళ్లకి తెలుసు. పెయింట్‌లో జరిగేదీ అచ్చంగా ఇదే, దీన్నే మెటామెరిజం అంటారు. అరవైల్లో క్రీమ్ రంగుని సీసం క్రోమేట్ పసుపుతోనూ, ఐరన్ ఆక్సైడ్ పసుపుతోనూ చేస్తే, ఇప్పటి మిక్సింగ్ షాపులో అదే క్రీమ్ సేంద్రియ (కార్బన్ ఆధారిత) పసుపు టింటర్లతో, అంటే షేడ్ కోసం కలిపే గాఢమైన రంగులతో, వస్తుంది, ఒక వెలుతురులో రెండూ ఒకటే అనిపిస్తాయి, ఇంకో వెలుతురులో విడిపోతాయి. కాబట్టి శాంపిల్‌ని కనీసం మూడు వెలుతురుల్లో చూడాలి, నీడలో పగటి వెలుతురు, తెల్ల ఎల్ఈడీ, పాత పసుపు బల్బు. మూడింట్లోనూ కలిసే మిక్స్ దొరక్కపోతే పగటి వెలుతురుకే ఓటేయాలి, బండిని ఎక్కువగా చూసేది అప్పుడే కాబట్టి. టింట్ చేసే మనిషిని అడిగి ఐరన్ ఆక్సైడ్ పసుపుతో, ఐరన్ ఆక్సైడ్ ఎరుపుతో వీలైనంత దూరం వెళ్లమంటే తేడా చాలావరకు తగ్గుతుంది, ఆ రంగుపొడులు అప్పుడూ ఇప్పుడూ ఒకటే. ఇంకో సంగతి, మన షెడ్లలో చాలావాటికి పైకప్పుగా ఆకుపచ్చ ఫైబర్ షీట్ ఉంటుంది, దాని కింద ఏ రంగూ సరిగ్గా కనిపించదు, శాంపిల్ పట్టుకుని బయటికి రావాల్సిందే. కిటికీలకి ఎప్పుడో అంటించిన నల్ల ఫిల్మ్ ఉంటే అదీ ముందు పీకేయాలి, సుప్రీంకోర్టు 2012లోనే దాన్ని వద్దంది, అది ఉన్నంతసేపూ లోపల కంటికి కనిపించే రంగు అబద్ధమే.

అయినా లోపలి రంగు పాడయ్యేది ఎక్కువగా షేడ్ వల్ల కాదు, మెరుపు వల్ల. బయటి బాడీకి అలవాటైన పెయింటర్ లోపల కూడా బేస్ కోట్ మీద రంగులేని క్లియర్ కోట్ కొట్టి అద్దంలా మెరిపిస్తాడు, తను మంచి పని చేశాననే నమ్మకంతోనే చేస్తాడు, కానీ పాత డ్యాష్‌బోర్డ్ మీద అంత మెరుపు ఎప్పుడూ ఉండేది కాదు. సింగిల్ స్టేజ్ (పైన క్లియర్ లేని) ఎనామెల్, కొన్నిట్లో సగం మెరుపు, డ్యాష్ పైభాగం అయితే ఇంకా మసకగా, ఎండ పడి ముందు అద్దంలో ప్రతిబింబం రాకూడదని అలా చేసేవాళ్లు. అమెరికన్ బళ్లలో ఒకే డ్యాష్‌బోర్డ్ మీద ఒకే రంగు రెండు రకాల మెరుపులతో ఉండటం మామూలే, పైన మసక, ముందు వైపు కొంచెం మెరుపు. క్లియర్ కింద రంగుకి ఒక లోతు వస్తుంది, ముదురుగా, తడిగా ఉన్నట్టు కనిపిస్తుంది, అసలు పెయింట్‌లో ఆ లోతు ఉండదు, షేడ్ నూటికి నూరు పాళ్లు కలిసినా బండి కొత్తగా వింతగా ఉంటుంది.

మెరుపు తగ్గించడానికి మ్యాటింగ్ బేస్ కలుపుతారు, ఇక్కడే మ్యాచింగ్ చెడిపోతుంది. మసక ఉపరితలం మీద పడిన తెల్లటి వెలుతురు అన్ని వైపులకీ చెదిరి రంగులో కలిసిపోతుంది, దాంతో రంగు ఒక మెట్టు లేతగా, వెలిసినట్టు కనిపిస్తుంది, ముదురు నీలం, మెరూన్, నలుపు లాంటి వాటిలో ఇది మరీ ఎక్కువ. మెరుపులో షేడ్ కలిపేసి, ఓకే చేయించుకుని, చివర్లో మ్యాట్ కలిపి కొడితే కలవనిది అందుకే. క్రమం తిరగేయాలి, ముందు మెరుపు ఎంత ఉండాలో తేల్చి, ఆ మెరుపులోనే శాంపిల్ రేకు కొట్టి, అప్పుడు షేడ్ సరిచేయాలి. మెరుపు కొలిచే గ్లాస్ మీటర్ మామూలుగా 60 డిగ్రీల కోణంలో కొలుస్తుంది, దాచిన చోట్లలో మంచిగా మిగిలిన దాని మీద పెట్టి ఆ అంకె రాసుకుంటే పెయింటర్‌తో వాదన తప్పుతుంది. అయితే కాంపౌండ్‌తో రుద్దిన చోట మెరుపు కొలవకూడదు, రుద్దడంతో అది పెరిగిపోతుంది, షేడ్‌కి ఒక చోటు, మెరుపుకి రుద్దని ఇంకో చోటు. రంగు కొలిచే మెషిన్‌లో కూడా మెరుపుని లెక్కలోకి తీసుకునే పద్ధతి, వదిలేసే పద్ధతి అని రెండుంటాయి కొన్ని పరికరాల్లో, అసలు ముక్కనీ శాంపిల్‌నీ ఒకే పద్ధతిలో కొలవాలి.

శాంపిల్ కూడా కర్రతోనో బ్రష్‌తోనో కాగితం మీద పూసి చూసేది కాదు, బండికి వేసే ప్రైమర్ మీద, వేసే గన్‌తో, వేసే కోట్లన్నీ రేకు ముక్క మీద కొట్టి, పూర్తిగా ఆరనిచ్చి, దాన్ని తీసుకెళ్లి డ్యాష్‌బోర్డ్ ఉండే చోటే పట్టుకుని చూడాలి. ఎర్ర రెక్సిన్ సీట్లున్న బండిలో క్రీమ్ రేకు మీద ఆ ఎరుపు నీడ పడుతుంది, బల్ల మీద తెల్లగా అనిపించింది లోపల గులాబీ ఛాయలో కనిపిస్తుంది. సీట్లు, టాప్ లైనింగ్ కొత్తవి వేసే ఉద్దేశం ఉంటే ఆ గుడ్డ ముక్కలు ముందే తెచ్చుకుని పక్కన పెట్టుకోవాలి, కారు సామాను షాపులుండే జీపీ రోడ్డులో రెక్సిన్ ముందు కొని పెయింట్ తర్వాత కలిపించడమే తెలివైన పని, పెయింట్ ఎంత కావాలంటే అంత జరపొచ్చు, రెక్సిన్ మాత్రం ఏది దొరికితే అదే.

ఇదంతా అయ్యాక తేల్చుకోవాల్సిన అసలు ప్రశ్న ఒకటి మిగులుతుంది, ఫ్యాక్టరీ నుంచి బయటికొచ్చిన రోజు రంగు కావాలా, ఇప్పుడు బండిలో మిగిలిన పాత సామానుతో కలిసే రంగు కావాలా. స్టీరింగ్, నాబ్‌లు, రెక్సిన్ అన్నీ పాతవే ఉంచుకుంటూ డ్యాష్ ఒక్కటే తాజా ఐవరీలో కొడితే పక్కనున్న స్టీరింగ్ మురికిగా కనిపిస్తుంది, అప్పుడు దాన్నీ మార్చాలనిపిస్తుంది, తర్వాత నాబ్‌లు, తర్వాత సీట్లు, చివరికి లోపల అసలుది ఏమీ మిగలదు. అంతా కొత్తగా చేయించే బండికి ఫ్యాక్టరీ రంగే న్యాయం. సగం పైన అసలు సామాను బతికున్న బండికి మాత్రం పాడైన రేకుల వరకే, వయసు తెచ్చిన రంగుకి కలిపి కొట్టించడం మేలు, పెయింట్ బాగానే ఉన్న చోట శుభ్రం చేసి వదిలేయడం ఇంకా మేలు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 2012లో ఆమోదించిన టూరిన్ చార్టర్ కూడా మిగిలిన అసలు పదార్థాన్ని వీలైనంత కాపాడటం వైపే మొగ్గు చూపుతుంది. మన దగ్గర 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ రూల్స్, యాభై ఏళ్లు దాటిన బళ్లకి వీఏ అక్షరాలతో నంబరు ఇచ్చేవి, బండి అసలు రూపంలో ఉండాలని అడుగుతాయి, వాటి దృష్టి ఛాసిస్, బాడీ, ఇంజిన్ మీద, లోపలి షేడ్ గురించి ఎవరూ అడగరు. ఆ బాధ్యత పూర్తిగా ఓనర్‌దే.

ఏ పెయింట్ వాడాలన్నదానికి వస్తే, ఎన్‌సీ అసలుకి దగ్గరగా కనిపిస్తుంది, మెరుపు కూడా రుద్ది కావాల్సినంతకి తెచ్చుకోవచ్చు, కానీ చెన్నై గాలిలో తేమకి అది కొట్టగానే తెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతుంది, థిన్నర్ వేగంగా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరిచి గాలిలో నీటిని లాగేస్తుంది కాబట్టి. నెమ్మదిగా ఆరే థిన్నర్, ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ వాడాలి, అక్టోబర్ నుంచి డిసెంబర్ వానల్లో అసలు పెట్టుకోకూడదు, సంక్రాంతి తర్వాత రెండు నెలలు బాగుంటాయి. 2కే, అంటే హార్డ్‌నర్ కలిపి కొట్టే పెయింట్, సింగిల్ స్టేజ్‌ది మ్యాటింగ్ కలిపి వాడితే ఎక్కువ కాలం మన్నుతుంది, లోపలి వేడికి ఓర్చుకుంటుంది, రోజూ తిరిగే బండికి అదే నయం. దాని హార్డ్‌నర్‌లో ఐసోసైనేట్ అనే ప్రమాదకరమైన రసాయనం ఉంటుంది, ముఖానికి కట్టుకున్న కర్చీఫ్ దాన్ని ఆపదు, కారు లోపల కూర్చుని కొట్టే పనైతే ఇంకా ప్రమాదం, బయటి నుంచి గాలి వచ్చే మాస్క్ లేని పెయింటర్‌తో ఆ పని చేయించడం తప్పు. విప్పగలిగినవన్నీ విప్పి బయట కొట్టించాలి.

పని అయ్యాక శాంపిల్ రేకులు రెండు దాచాలి, ఒకటి చీకట్లో, ఒకటి బండి లోపలే ఎండ తగిలే చోట, ఏడాదికోసారి పక్కపక్కన పెడితే రంగు ఎటు కదులుతోందో తెలుస్తుంది. రేకు వెనక పెయింట్ కంపెనీ, ఏ సిరీస్, టింటర్ల పేర్లూ గ్రాములూ, మ్యాటింగ్ ఎంత శాతం, మెరుపు అంకె, ప్రైమర్ రంగు, ఎన్ని కోట్లు, తేదీ రాయాలి, ఒక కంపెనీ ఫార్ములా ఇంకో కంపెనీ టింటర్లతో పనిచేయదు కాబట్టి కంపెనీ పేరు లేని ఫార్ములా వృథా. గ్లవ్ బాక్స్ వెనకో డోర్ ప్యాడ్ కిందో అరచేయంత పాత పెయింట్‌ని మాస్కింగ్ టేప్ వేసి ముట్టుకోకుండా వదిలేయాలి, ఎక్కడ వదిలారో ఆర్సీ ఉన్న ఫైల్లోనే ఒక కాగితం మీద రాసి పెట్టాలి, పెయింటర్‌కి ఈ మాట పని మొదలవకముందే చెప్పాలి, లేకపోతే అలవాటుగా అదీ రుద్దేస్తాడు.